సొరంగంలో మావయ్య జవాబు

పక్కనున్నవాళ్ళు ఫోన్లో ఏది అడిగినా దర్జీ మావయ్య జవాబు చెప్పేసేవాడు. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే. కత్తెర పట్టిన చెయ్యి ఎంత నిదానమో నోరు అంత తొందర. వీధిలో పోయేవాళ్ళెవరైనా "తిన్నావా?" అని ఫోన్లో అడిగితే చాలు, "ఇప్పుడేనండీ" అనేవాడు, పొట్ట నిమురుకుంటూ.

మెట్రో రైలు వచ్చాక ఆ జబ్బు ముదిరింది. దానికి డ్రైవరు లేడు. తలుపులు వాటంతటవే తెరుచుకునేవి. ఎక్కడా కనబడని ఆడమనిషి గొంతు స్టేషన్ల పేర్లు చెప్పేది. పెట్టెనిండా జనం, చెవుల్లో తెల్లటి గింజల్లాంటివి పెట్టుకుని, ఎదురుగా లేనివాళ్ళ మీద విరుచుకుపడేవారు. ఒకావిడైతే కళ్ళు తుడుచుకుంటూ కిటికీ అద్దాన్ని క్షమించమని బతిమాలుకునేది. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే మేనకోడలు సాయంత్రాలు ఆయనతోనే ఇంటికి వచ్చేది. ఆ గాలిమాటలు వింటే ఆమెకు ఒళ్ళు జలదరించేది. మావయ్యకు మాత్రం చేతినిండా పని.

"ఎక్కడ చచ్చావ్?" అని ఒక పెద్దమనిషి ఫోన్లో గద్దించాడు.

"ఇక్కడే బాబూ, నీ మోచేతి కింద."

"మిమ్మల్ని కాదండీ!"

"నన్ను కాకపోతే నా చెవిలో అరవడమెందుకు నాయనా?"

ఇంకోసారి ఒక అమ్మాయి స్నేహితురాలిని "నిజం చెప్పవే, లావయ్యానా?" అని అడిగింది. మావయ్య ఎగాదిగా చూసి, "నడుం దగ్గర ఒక్క అంగుళం వదిలితే సరిపోతుందమ్మా," అన్నాడు. మేనకోడలు చున్నీలో మొహం దాచుకుంది.

"పరువు తీస్తున్నావు మావయ్యా."

"ఇంటిగుట్టు రైలంతా పరిచినవాళ్ళకు పోని పరువు, నేను ఊఁ కొడితే పోయిందా?"

ఒకరోజు వాన పడుతోంది. రైలు సొరంగంలోకి దిగింది. అక్కడ సిగ్నలు అందదు. రోజూ ఆ చోటికి రాగానే మాటలన్నీ సగంలో తెగిపోయి, తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉండిపోయేవి. ఆరోజు రైలు కూడా ఆగిపోయింది. దీపాలు మసకబారాయి. పెట్టెలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం.

అందులో ఒక్క గొంతు మాత్రం ఆగలేదు.

"వస్తున్నా నాన్నా, ఆ, వస్తున్నా, గేటు దగ్గరే ఉండు, ఆ ఆ, వస్తున్నా..."

మేనకోడలు తన ఫోను చూసుకుంది. సిగ్నలు లేదు. పెట్టె చివర తలుపును ఆనుకుని కాలేజీ పిల్లొకతె, చెవి దగ్గర ఫోను. నల్లటి అద్దంలో ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆ పెదవుల వెనక, అదే అద్దంలో, రెప్ప వెయ్యని మగమనిషి మొహం. ఆ చివర జనం పల్చగా ఉన్నారు, బోలెడు చోటుంది. అయినా అతను ఆమె భుజానికి తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. ఆమె జరిగితే జరిగాడు. ఆగితే ఆగాడు.

మావయ్య లేచాడు. మేనకోడలు ఆయన చొక్కా పట్టుకుని లాగింది. "ఇప్పుడొద్దు మావయ్యా!"

ఆయన అప్పటికే నోరు తెరిచేశాడు. "గేటు దాకా ఎందుకమ్మా? నేనూ ఇందులోనే ఎక్కాను. ఇటొచ్చెయ్!"

ఆ పిల్ల మాట ఆపేసింది. అద్దంలోంచే ఆయన్ని చూసింది.

"చూడలేదు నాన్నా," అంది, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని.

"ఫోన్లో పడితే తండ్రి కనబడతాడా నీకు? ఇదిగో, అక్క కూడా ఇక్కడే ఉంది."

జనంలో ఎన్నడూ గొంతెత్తని మేనకోడలు ఎలాగో గొంతు పెగల్చుకుంది. "రావే, నీకు చోటు పట్టాను!"

ఆ పిల్ల ఒక్క పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల వెనకే రాబోయిన మనిషికి మావయ్య అడ్డంగా నిలబడి, మెడలో టేపు తీశాడు.

"కొలతలివ్వడానికా బాబూ? ఇంత దగ్గరికొచ్చావు!"

పెట్టెలో తలలన్నీ లేచాయి. అతను అందరినీ ఒక్కొక్కరినే చూశాడు. రైలు కుదుపుతో కదిలింది, దీపాలు వెలిగాయి. తర్వాతి స్టేషనులో తలుపులు తెరుచుకోగానే దిగి జనంలో కలిసిపోయాడు.

"అది ఉత్తుత్తి ఫోనని నీకెలా తెలిసింది?" అని మేనకోడలు గుసగుసగా అడిగింది.

"నిజంగా మాట్లాడేవాళ్ళు మధ్యలో కాస్తయినా వింటారే. ఈ పిల్ల వినడానికి ఆగలేదు. అవతల ఎవరూ లేరనిపించింది. ఎవరో ఒకరు పలకాలిగా!"

ఆ పిల్ల దిగే చోట వాళ్ళూ దిగారు. పైకి రాగానే ఫోను నిజంగానే మోగింది. ఆమె ఏడుస్తూ నవ్వుతూ జరిగిందంతా చెప్పి, ఫోను మావయ్యకు చాపింది.

"మా నాన్న. మీతో మాట్లాడతారట."

మావయ్య రెండు చేతులా అందుకున్నాడు. అవతల ఎవరో ఏదో అంటున్నారు, ఆగుతున్నారు, మళ్ళీ అంటున్నారు. ఊరందరి ఫోన్లకూ జవాబు చెప్పిన మనిషికి, తనకంటూ ఒక ఫోను వచ్చేసరికి నోరు పెగల్లేదు. గొంతు సవరించుకున్నాడు. ఫోను వంక చూసి గట్టిగా తల ఊపాడు. సరిపోలేదనుకున్నాడో ఏమో, ఇంకోసారి ఊపాడు.

మేనకోడలు వంగి ఫోన్లోకి చెప్పింది.

"ఊఁ అంటున్నారండీ."