దేవుడి గదిలో ఎర్ర బల్బు

"గుండు చేయించేశాక ఫొటోలు రాలేదని తెలిస్తే నేనేం చెయ్యాలండీ? జుట్టు మళ్ళీ వస్తుంది సరే, ఆ ఉంగరాలు వస్తాయా?"

మేడ మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరకుండానే రాజరాజేశ్వరి అడిగిన మాట అది. స్టూడియోలో బల్ల వెనక కూర్చుని నెగెటివుల మీద దుమ్ము దులుపుతున్న జగదాంబ గారు తలెత్తి, "ముందు కూర్చోండి మేడమ్ గారూ. గుండు మీక్కాదు కదా," అన్నారు.

రాజరాజేశ్వరి కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు. కూతురు హైమకి పదకొండో నెల. అత్తగారింట్లో పుట్టువెంట్రుకలు ఏడాది నిండకముందే చిన్న తిరుపతిలో తీయించాలి. అన్నప్రాశన అయ్యేదాకా బిడ్డకి ఫొటో తీయకూడదన్న పట్టింపూ ఉంది. అన్నప్రాశన అయ్యేసరికి హైమకి కొత్తముఖం కనిపిస్తే ఏడవడం అలవాటైంది. స్టూడియోకి తీసుకొస్తే, పెద్ద లైట్లు వెలగ్గానే గుక్కపట్టింది. ఇంటికి వచ్చి తీయబోతే జగదాంబ గారిని చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది.

"నా మొహం మీ అమ్మాయికి నచ్చలేదు మేడమ్ గారూ, ఏం చెయ్యను? మీరే తీసుకోండి. నేను నేర్పుతాను," అన్నారావిడ. రాజరాజేశ్వరి విశాఖపట్నం నుంచి తమ్ముడి కెమెరా తెప్పించుకుంది. అది ఎనభై రెండు వేసవి. కాలేజీకి సెలవులు.

జగదాంబ గారిది పెనుగొండ. పుట్టింటివాళ్ళది బట్టల వ్యాపారం. పెళ్ళయి మండపేట వచ్చాక, భర్త చంద్రరావు గారి స్టూడియోలో ఆవిడ మొదట చేసిన పని ఫొటోల అంచులు కత్తిరించడం. ఆయనకి చూపు మందగించి, మసకగా వచ్చిన పెళ్ళి ఫొటోలు పట్టుకుని జనం తగువుకి రావడం మొదలయ్యాక కెమెరా ఆవిడ చేతికొచ్చింది. ఆడమనిషి నల్లగుడ్డలో తల దూర్చి నిలబడుతుందట అని బజారు బజారంతా మెట్లెక్కి చూసి వెళ్ళిందట. కొన్నాళ్ళకి పెళ్ళిచూపుల ఫొటో అంటే చుట్టుపక్కల ఆడపిల్లలందరూ అక్కడికే వచ్చేవారు. ఆవిడ ఎవర్నీ నవ్వమనేవారు కాదు. "ఇవాళ ఏం కూర వండారేంటి?" అని అడిగి, వాళ్ళు గుర్తు తెచ్చుకుంటుండగా నొక్కేసేవారు. రైసుమిల్లుల బూడిద గాల్లో ఎగిరొచ్చి తడి ఫిల్ముకి అంటుకుంటుందని, ఫిల్ములు చీరల బీరువాలో ఆరేసేవారు. చీరలు మాత్రం దండెం మీద ఉండేవి.

పాఠాలు మధ్యాహ్నం వంట పని అయ్యాక. "కాలవ తూము చూశారు కదా? తలుపు ఎంత ఎత్తారన్నది ఒకటి. ఎంతసేపు ఎత్తి ఉంచారన్నది ఇంకోటి. చేనుకి చాలినంత నీరు రావాలి, అంతే. మబ్బు పడితే ఎక్కువ ఎత్తండి. పిల్ల కదులుతుంటే చప్పున దించెయ్యండి." లెన్సుకీ షట్టరుకీ ఇంతకంటే తేలికైన వివరణ రాజరాజేశ్వరి చదివిన పుస్తకాల్లో లేదు. ఆమె కూడా ఊరికే వినలేదు. గోడమీద ఫొటోలు పసుపెక్కడం చూసి, ఫొటో నిలవడానికి వాడే హైపో మందుని సరిగా కడగకపోతే అలా అవుతుందని, ఇంకాసేపు నీళ్ళలో నానబెట్టమని చెప్పింది.

"అదా సంగతి! మా ఆయన ఇన్నాళ్ళూ కాగితం కంపెనీ వాణ్ణి తిడుతున్నారు," అన్నారు జగదాంబ గారు. ఆ రోజునుంచే అదనంగా ఇంకో తొట్టి పెట్టారు.

డార్క్ రూములో ఎర్ర బల్బు వెలుతురులో, తెల్లకాగితం మీద ఎవరో పెళ్ళికూతురి కళ్ళు ముందుగా, ఆ తర్వాత ముక్కుపుడక తేలి వస్తుంటే రాజరాజేశ్వరి తొట్టి మీదకి వంగి చూసింది. ఎర్ర వెలుతురు కాగితాన్ని ఏమీ చెయ్యదని ఆమెకి తెలుసు. ఫిల్ము కడగడం మాత్రం చూడలేదు. గది ఇద్దరికి ఇరుకు. జగదాంబ గారు ఒక్కరే లోపలికి వెళ్ళి, ఫిల్ముని డబ్బాలో పెట్టి మూత బిగించాకే ఆమెని పిలిచేవారు.

ప్రయాణం రేపనగా, పొద్దున్నే వసారాలో ఎండ పల్చగా పడుతున్న వేళ రాజరాజేశ్వరి కెమెరా పట్టుకుంది. చెయ్యి కుదురుకోవడానికి ముందు ఇత్తడి చెంబుని తీసింది. తర్వాత పాపని. భర్త నాగేశ్వరప్రసాద్ గోడ చాటునుంచి కాకిలా అరుస్తుంటే హైమ పకపకా నవ్వింది. ఉంగరాల జుట్టు గుప్పిట పట్టి లాక్కుంది. రీలు అయిపోయింది.

అప్పుడు మొదలైంది అనుమానం. ఫొటో తీశాక ఫిల్ముని ముందుకి తిప్పినప్పుడు ఎడమపక్క గుండీ కూడా తిరుగుతోందంటే లోపల ఫిల్ము కదులుతున్నట్టేనని జగదాంబ గారు చెప్పారు. తిరిగినట్టే ఉంది. కానీ నవ్వుల్లో పడి సరిగ్గా చూసిందా? ఒక్కసారి తెరిచి చూస్తే అనుమానం తీరిపోతుంది కదా. చీకటి ఎక్కడ? దేవుడి గదికి కిటికీ లేదు. పటాల ముందు ఎర్ర జీరో బల్బు ఉంది. ఎర్ర వెలుతురు ఏమీ చెయ్యదు కదా! తలుపు వేసుకుని, కెమెరా మూత తెరిచింది. ఫిల్ము చక్కగా చుట్టుకుని ఉంది. దేవుడికి దణ్ణం పెట్టుకుని, మూత వేసి, ఫిల్ము వెనక్కి చుట్టింది.

మధ్యాహ్నం జగదాంబ గారు ఫిల్ము కడిగి వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నారు. నల్లటి పట్టీ. మొదట్లో మాత్రం ఏదో గుండ్రంగా కనిపించింది.

"ఏంటిది, చెంబా?"

"అవునండీ. తర్వాతవన్నీ పాపవి."

"చుట్ట అడుగున ఉండబట్టి చెంబు మిగిలింది. తర్వాతవి ఏవీ లేవమ్మా. మూత తెరిచారా?"

రాజరాజేశ్వరి చెప్పింది. విన్నంతసేపూ జగదాంబ గారి పెదవులు నవ్వు ఆపుకోలేక వణికాయి. "కాగితానికి ఎరుపు కనపడదు, ఫిల్ముకి అన్నీ కనపడతాయి. దానికి దేవుడి దీపమైనా మధ్యాహ్నపు ఎండైనా ఒకటే." రాజరాజేశ్వరి కళ్ళల్లో నీళ్ళు చూసి గొంతు తగ్గించారు. "నాదీ తప్పే. ఈ సంగతి నేనే చెప్పి ఉండాల్సింది. జుట్టు ఇంకా నెత్తిమీదే ఉంది కదా, ఏడుపెందుకు? ఇదిగో, ఇంకో రీలు. ఎండ దిగేలోపు కానివ్వండి."

సాయంత్రానికి హైమ నిద్రలేచి చిరాగ్గా ఉంది. చెంపకి చాప అచ్చు, చెమటకి నుదుటికి అతుక్కున్న ఉంగరాలు. కాకి అరుపుకి నవ్వలేదు సరికదా, తండ్రికేసి కోపంగా చూసింది. వెలుతురు తగ్గుతోంది. రాజరాజేశ్వరి తూము ఇంకాస్త ఎత్తింది, మోచేతులు స్తంభానికి ఆనించి తీసింది. మధ్యలో పాత అనుమానం వచ్చింది. వేళ్ళు మూత దగ్గరికి వెళ్ళాయి. చెయ్యి వెనక్కి తీసుకుని కెమెరాని మళ్ళీ పాపవైపు తిప్పింది.

మర్నాడు కొండమీద మంగలి కత్తి కింద ఒక్కో పాయా రాలుతుంటే, ఫొటోలు ఉన్నాయో లేవో తెలియకుండానే చూస్తూ కూర్చుంది.

తిరిగొచ్చిన రోజునే ఫిల్ము కడిగారు. చాలావరకు కదిలిపోయాయి. కొన్ని చీకటిగా వచ్చాయి. చివర్లో ఒకటి నిలిచింది: మూతి ముడుచుకుని, కనుబొమలు దగ్గరికి లాగి, నుదుటి నిండా ఉంగరాలతో హైమ. జగదాంబ గారు దాన్ని పెద్దది చేసి, హైపో బాగా కడిగి మరీ ఇచ్చారు. "అచ్చం మీ అమ్మాయే. నన్ను చూసినప్పుడల్లా ఇదే మొహం," అన్నారు.

హైమ ఇప్పుడు బడికి వెళ్తోంది. మొన్న టీచరు చెప్పారని పాత డబ్బాలో చిక్కుడు గింజ పాతింది. రెండు రోజులైనా మొలక పైకి రాకపోయేసరికి తవ్వి చూద్దామని పుల్ల తెచ్చుకుంది. నిజానికి రాజరాజేశ్వరికి కూడా తవ్వి చూడాలనే ఉంది. కూతురి చేతిలో పుల్ల తీసేసి, పక్కనే ఇంకో గింజ పెట్టించింది. రెండో రీలు చేతిలో పెడుతూ జగదాంబ గారు చెప్పిన మాటే ఆ ఇంట్లో ఇప్పుడు అన్నిటికీ నడుస్తోంది:

"అనుమానం వస్తే ఇంకోటి తీసుకోండి. తెరిచి మాత్రం చూడకండి."