ఎర్రబండ హాల్ట్ చరిత్ర, ముగింపు లేకుండా

జంగప్ప కాకకు ఉన్న జబ్బు ఒక్కటే. ఎర్రబండ హాల్ట్ చరిత్ర చెప్పడం. అడిగినా చెప్తాడు, అడగకున్నా చెప్తాడు. ముగింపు మాత్రం ఎవరికీ చెప్పడు.

వికారాబాద్ నుంచి తాండూరు పోయే దారిలో మా ఎర్రబండను మీరు చూసే ఉంటారు, స్టేషన్ అనుకుని ఉండరు. ఒక టికెట్ గది, ఎండకు పెనంలా కాలే షాబాద్ బండ బెంచీ, అంతే. పేరు బోర్డు గాలివానకు కూలి ఏళ్లయింది, మళ్లీ నిలబెట్టిన వాళ్లు లేరు. నా పెండ్లికి ముందు నుంచీ ఆ గదిలో టికెట్లు అమ్ముతున్నది కాకే. అయినా లెక్కప్రకారం ఆయన రైలు మనిషి కాదు, కమీషన్ మనిషి. జీతం లేదు, సెలవు లేదు, ఒంటి మీదికి ఖాకీ చొక్కా లేదు. ఇది అన్యాయమని నేను ఊరి మీటింగుల్లో గొంతు చించుకునేదాన్ని. కాక మాత్రం చెవి మీద బీడీ సర్దుకుని, “బోర్డన్న లేకపాయె, చరిత్రన్న ఉండొద్దా బిడ్డా,” అని మొదలుపెట్టేవాడు.

ఆ చరిత్ర కూడా ఒక్కటి కాదు. వినే మనిషిని బట్టి మారేది. కుల్కచర్ల రైతు దొరికితే, నిజాం కాలంలో ఇక్కడ రైలాగింది ఒక పొట్టేలు వల్ల. పట్టాల మీద నిలబడి కదలనంటే కదలనంది, దాని కాపరి గుట్ట దిగి ఉరికొస్తున్నాడు. తాండూరులో బండల పాలిష్ మిషన్ నడిపే ఉస్మాన్ భాయి దొరికితే, ఎవరో నవాబు టోపీ కిటికీలోంచి ఎగిరిపోయింది, దాన్ని పట్టుకుని ఒక ముసలి బీబీ చేనుకు అడ్డం పడి ఉరికొస్తోంది. సేడం దిక్కు కన్నడం వాళ్లు దొరికితే, ఒక పెండ్లివారు పెండ్లిపిల్లనే మరిచి రైలెక్కారు, ఆమె వెనక నుంచి ఉరికొస్తోంది.

ఉస్మాన్ భాయి ఒకరోజు నిలదీశాడు. “నిన్న టోపీ అంటివి, ఇయ్యాల పొట్టేలంటున్నవ్. రెండిట్ల ఏది నిజం కాకా?”

“పొట్టేలుకు టోపీ పెట్టుకో భాయ్, రెండూ నిజమైతయి.”

అందరికంటే ఎక్కువ విన్నది గార్డు మల్లేశ్వర్. పొద్దుటి ప్యాసింజర్ ఆగి మేమంతా ఎక్కగానే కాక గదికి గొళ్లెం పెట్టి చివరి డబ్బా దగ్గరికి నడిచేవాడు. గార్డు పచ్చజెండా తీసేవాడు. కాక ఆ జెండా కర్ర మీద ప్రేమగా చెయ్యి వేసి, “నిన్న యాడ ఆపిన?” అనేవాడు. గార్డు జెండా కిందికి దిగేది. ఒక్క నిమిషం ఆగాల్సిన బండి చరిత్రలో పడి కొట్టుకునేది. ఇక్కడ మేం కిటికీ ఊచలకు మొహాలు ఆనించి సతాయించేవాళ్లం. పెండ్లిపిల్ల సరిగ్గా పట్టాల దాకా వచ్చేసరికి కాక ఠక్కున ఆపి, “గంతే. ఇగ పో,” అని కర్ర వదిలేసేవాడు. ఆమె ఎక్కిందో లేదో తెలియక మేం తాండూరు దాకా కొట్లాడుకునేవాళ్లం.

ఆఫీసుకు ఆలస్యంగా వచ్చినందుకు కారణం చరిత్ర అని మా సారుకు ఎట్ల చెప్పాలి? కడుపునొప్పి అని చెప్పేదాన్ని. పాపం, ఆయన ముగ్గురు డాక్టర్ల పేర్లు చెప్పాడు.

పోయిన వానాకాలం పైనుంచి ఒక అధికారి వచ్చాడు. బండి రోజూ ఎర్రబండ దగ్గరే ఎందుకు ఆలస్యమవుతోందో చూడటానికి. ఆలస్యం తగ్గకపోతే ఇక్కడ ఆపడమే తీసేస్తారన్న మాట అప్పటికే ఊరంతా పాకింది. అది తీసేస్తే మాకు మరో దిక్కు లేదు. బస్సు కావాలంటే యాలాల్ రోడ్డు దాకా నడవాలి. ఆ సారు గార్డు పక్కనే చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. ఈ ఒక్కరోజైనా కాక నోరు మూసుకోవాలని మేం మొక్కుకున్నాం. కాక గొళ్లెం పెట్టి నింపాదిగా నడిచొచ్చాడు.

“సార్, మీరు గీ స్టేషన్ చరిత్ర విననే లేదు గదా.”

వినే అవసరం లేదన్నాడు సారు. జెండా ఊపమని గార్డుకు సైగ చేశాడు.

“పెండ్లిపిల్లనే మరిచిపోయిన్రు సార్,” అన్నాడు కాక.

సారు గడియారం చెయ్యి కిందికి దిగింది. “ఎవరు?”

అయిపోయింది మా హాల్ట్ అనుకుని నేను మొహం అవతలి కిటికీ వైపు తిప్పుకున్నాను. అప్పుడు కనిపించింది. తడిసిన నల్లరేగడిలో, నెత్తి మీద ఆకుకూరల గంపతో, తెగిన చెప్పు చేతపట్టుకుని మా ఊరి శంకరమ్మ ఉరికొస్తోంది. ఆ గంప తాండూరు మార్కెట్‌కు చేరితేనే ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది. చేలో ఆమె కాలు జారింది. ప్లాట్‌ఫాం మీద, పెండ్లిపిల్ల కాలు జారిందన్నాడు కాక. పడిన కూర కట్టలు ఆమె ఏరుకుంటుంటే, పెండ్లిపిల్ల రాలిన గాజులు ఏరుకుంటోందన్నాడు. నోరు సారుతో మాట్లాడుతోంది, చూపు మాత్రం సారు భుజం మీదుగా, చివరి డబ్బా వెనక చేలో ఉంది. శంకరమ్మ అవతలి తలుపులోంచి గంప లోపలికి తోసి మా డబ్బా ఎక్కింది.

“గంతే సార్. ఇగ పోండ్రి.”

“గంతే అంటే ఎట్ల?” సారు వదల్లేదు. “ఆ పిల్ల రైలెక్కిందా లేదా?”

కాక పక్కనే ఉన్న మా డబ్బా వైపు చూశాడు. శంకరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

“ఎక్కింది సార్. గిప్పుడే.”

సారు వెనక్కి తిరిగాడు. బురద కాళ్లు చూశాడు, గంప చూశాడు, కాకను చూశాడు. మీసం కింద ఏదో కదిలింది. గార్డు వైపు తిరిగి జెండా ఊపమన్నాడు. శంకరమ్మ కిటికీలోంచి ఒక పాలకూర కట్ట కాక మీదికి విసిరింది. “ఆ పెండ్లిపిల్లకు జర జల్ది నడువ నేర్పు కాకా, నీ గొంతు పోతది.”

అంటే ఆ చరిత్ర ఎవరి కోసం సాగుతుందో ఈమెకు ముందే తెలుసు. తాండూరులో దిగాక గార్డును పట్టుకుని, నీకూ తెలుసా అని అడిగాను. మల్లేశ్వర్ జెండా చుట్టుకుంటూ అన్నాడు: “తెలుసు అంటె మెమో ఇస్తరు మేడం. పెద్దమనిషి చెప్తుండె, ఇంటుంటి, గంతే.”

ఆ సారు పైకి ఏం రాశాడో తెలియదు. బండి ఇంకా ఆగుతోంది, ఆపడం తీసేయాలన్న మాటా ఇంకా నలుగుతోంది. అందుకే అడుగుతున్నాను. ఎర్రబండకు ఒక బోర్డు, ఒక నీడ, ఇంకో రెండు నిమిషాలు ఇవ్వమని మీరూ ఒక అర్జీ పెట్టండి. ఆ అర్జీ కదిలేదాకా ఇంకో పని చేయండి. ఆ దారిన పోతూ, పేరు లేని స్టేషన్లో మీ బండి కాస్త ఎక్కువసేపు ఆగితే గొణగకండి. ముందు అవతలి కిటికీలోంచి చేను వైపు చూడండి. ఎవరైనా ఉరికొస్తుంటే, ఇవతలి తలుపులోంచి తల బయట పెట్టి, చివరి డబ్బా దాకా వినపడేట్టు ఒక్క మాట అడగండి:

“ఆ తర్వాత ఏమైంది కాకా?”