మా మేడమ్ గారూ, అడ్డపొగ ఆడవాళ్ళూ

మేడమ్ గారు పోయారని మొన్న మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. రాజమండ్రి కాలేజీలో జువాలజీ చెప్పేవారు, నా పరిశోధనకి గైడు. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదండి.

ప్రోటీను తయారుచెయ్యని ఆర్ఎన్ఏ అంటే ఆవిడకి ప్రాణం. చాలాకాలం దాన్ని పనికిరాని సరుకన్నారు. "కాలవ లాకుల దగ్గర కాపలా ఉండే లస్కరు ఒక్క గింజ పండించడు. అలాగని వేళకి తలుపులు దించకపోతే చేలు మునుగుతాయా, లేదా?" అనేవారావిడ. ఈ ఆర్ఎన్ఏ పనీ అదే, ఏ జన్యువు ఎంత పనిచెయ్యాలో చూసుకుంటుంది. అదుపు తప్పితే క్యాన్సరూ రావచ్చు, గుండెజబ్బూ రావచ్చు. ఇంత తేలిగ్గా చెప్పినవాళ్ళని మళ్ళీ చూళ్ళేదు.

మా పని కాకినాడ దిగువన జాలర్ల పేటలో. అక్కడ పెద్దవయసు ఆడవాళ్ళు కొందరు అడ్డపొగ తాగుతారు, చుట్ట వెలిగిన కొసని నోట్లో పెట్టుకుని. అంగిట్లో తెల్లమచ్చలొస్తాయి. వాటిలో ఏది ముదురుతుందో ఈ ఆర్ఎన్ఏ ముందే చెప్పగలదా అన్నది మా ప్రశ్న. పాపం, సిగ్గు చంపుకుని నోళ్ళు తెరిచారు, నేను మచ్చల మీద గీకి నమూనాలు తీశాను.

తీసి ఏం చేశానూ? మాది భీమవరం పక్క, రొయ్యల చెరువులున్న ఇల్లు. నమూనాలు పాడవకుండా పోసే మందునీళ్ళు సగంలో అయిపోయాయి. రొయ్యకి సరిపోయే ఐసు దీనికి చాలదేంటిలే అని మిగతావి రొయ్యల పెట్టెలో సర్దేశాను. ల్యాబుకొచ్చేసరికి అవన్నీ నాశనం.

"ఏంటమ్మా, ఇగురు పెడదామా?" అన్నారు మేడమ్ గారు, నవ్వకుండా. పాడైనవాటికి పాత నమూనాల అంకెలే వేసి సరిపెట్టేద్దామండీ అన్నాను, సిగ్గులేకుండా.

"నమ్మి తెరిచిన నోళ్ళమ్మా అవి. వెళ్ళి తప్పు నీదని ఒప్పుకుని, మళ్ళీ అడుగు."

ఆ రోజు తిట్టి ఊరుకుని ఉంటే, దొంగ అంకెలతో డాక్టరేటు పట్టుకుని తిరిగేదాన్ని. ఊరుకోలేదు, నా వెంట తనూ వచ్చారు. చేపలమ్మే ఒక మామ్మ మొహం తిప్పేసుకుంది. "మళ్ళీ ఏంటండీ? మా నోళ్ళేమన్నా సంతలో సరుకా?" మేడమ్ గారు నేలమీద చతికిలబడి నోరు తెరిచి, "ముందు నాది గీకు" అన్నారు నాతో. మామ్మ ఫక్కున నవ్వి దగ్గరికి జరిగింది.

ఆమె మచ్చ పక్కన ఎర్రగా పుండు కనిపించింది. "ఇది మా పరిశోధనకి తేలేది కాదు, డాక్టరు చూడాలి" అని ఆ పూటే మేడమ్ గారు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సరే, ఇంకా తొలిదశ. కోసి తీసేశారు. మళ్ళీ వస్తుందేమోనని డాక్టరు చూసే తేదీల మధ్యలో కూడా మేడమ్ గారే వెళ్ళి నోరు చూసొచ్చేవారు, చుట్ట మానమని పోట్లాడేవారు.

మంగళవారం మామ్మ బస్సెక్కి మేడమ్ గారింటికి వచ్చింది. ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి చాలాసేపు ఏడ్చింది. తరవాత వెతుక్కుంటూ నా దగ్గరికొచ్చింది.

"అమ్మగారు పోయారు కదండీ. ఇంక నా నోరు ఎవరు చూస్తారు?"

అరుగు మీద కూర్చోబెట్టి ఫోను లైటు వేశాను. కళ్ళయినా తుడుచుకోకుండా మామ్మ నోరు తెరిచింది.