మంద వరస తప్పలేదు

జడ్పీటీసీ ఎన్నికల్లో నేను గొర్రె పెంటికలు పంచి గెలిచానని మా మండలంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నవ్వుకోడానికి బాగుంటుంది కాబట్టి ఆ మాటే నిలబడిపోయింది. జరిగింది రాసి పెట్టకపోతే రేపు మా మనవలు కూడా అదే నమ్ముతారు. అందుకే రాస్తున్నాను.

చల్లపల్లికి దిగువన మాకు పొలమూ గొర్రెలూ ఉన్నాయి. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా శాఖా గ్రంథాలయంలో చదువుకున్నదే. ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను.

మినుము తీశాక చేలు ఖాళీ అవుతాయి. తొలకరి దాకా మా మంద రోజుకో చేలో పడుకుంటుంది, కాలువ వెంట వరసగా. తెల్లారేసరికి ఆ చేనుకు ఎరువు పడుతుంది. పొరుగూళ్ల రైతుల దగ్గర ధాన్యం తీసుకుంటాం గాని మా ఊళ్లో ఏమీ తీసుకోం. మా నాన్న పెట్టిన పద్ధతి అది.

ఆ వేసవిలోనే నామినేషన్ వేశాను. నా మీద నిలబడ్డది మా ఊరివాడే, వరసకు బావ. నేను ఓటర్ల చేలల్లో ఉచితంగా మంద కట్టి ప్రలోభపెడుతున్నానని ఎన్నికల అధికారికి ఫిర్యాదు చేశాడు. అది నిజమని తేలితే నా పోటీ అక్కడితో సరి.

మండలాఫీసు వరండాలో ఎదురుపడి, "ఏం బావా, గొర్రెలకి కూడా ఓట్లున్నాయా?" అన్నాడు.

"ఉంటే నీకొక్కటీ పడదు బావా. వాటి మీదే గదా ఫిర్యాదు పెట్టావు!"

మర్నాడు పొద్దున ఊరికొచ్చి చూస్తానన్నారు అధికారి. పోలింగ్ అయ్యేదాకా మందను దొడ్లోనే ఉంచమని మావాళ్లంతా పట్టుబట్టారు. ఆపితే తప్పు ఒప్పుకున్నట్టే. నేను ఒప్పుకోలేదు. బస్సెక్కి విజయవాడ వెళ్లి, గ్రంథాలయంలో ఎన్నికల నిబంధనల పుస్తకం తీయించి చదివాను. ఓటు కోసం ఇస్తేనే ప్రలోభమని అర్థమైంది. ఓటు కోసం ఇచ్చేవాడు మనిషిని చూసి ఇస్తాడు. మేం మనిషిని చూడలేదు, వరసే చూశాం. ఆ రాత్రికి వరసలో ఉన్న చేను బావదే.

"మతి పోయిందా మీకు? ఆయన చేలో కడతారా?" అంది మా ఆవిడ.

"ఆ చేను దాటేస్తే ఆయన చెప్పిందే నిజమవుతుంది" అన్నాను.

పొద్దున అధికారి బావను వెంటబెట్టుకుని వచ్చేసరికి మంద బావ చేలోనే ఉంది. బావ భార్య, నాకు చెల్లెలి వరస, కాపరులకు మజ్జిగ పోస్తోంది.

"ఈ చేనెవరిదమ్మా?"

"మాదేనండీ. ఏటా మా వరస రాగానే అన్నయ్యగారు కట్టిస్తారండీ."

"నువ్వింటికి పో" అన్నాడు బావ.

"మీ రాజకీయం మీరు చేసుకోండి. ఇది వద్దంటే సార్వా వరికి యూరియా బస్తాలు మీరే మోయాలి!"

అధికారి నవ్వాపుకుంటూ బావ వైపు తిరిగారు. "మిమ్మల్ని కూడా ప్రలోభపెట్టారా అండీ?"

అధికారి అక్కడికక్కడే ఫిర్యాదు కొట్టేశారు. నేను చెప్పుల మట్టి దులుపుకుని నేరుగా ప్రచారానికి వెళ్లాను.

సాయపడ్డవాళ్లు పేర్లు రాయొద్దన్నారు కాబట్టి ఇలాగే చెప్పుకుంటాను. మందను వరస తప్పనివ్వని కాపరి అన్నదమ్ములకూ, మూసే వేళైనా నన్ను పుస్తకం ముందు నుంచి లేపని గ్రంథపాలకురాలికీ, మతి పోయిందంటూనే కాపరులకు క్యారేజీ కట్టిన మా ఆవిడకూ, భర్త ఎదుటే నిజం చెప్పిన మా చెల్లెమ్మకూ కృతజ్ఞతలు. ఓడిపోయాక కూడా ఏటా "మా చేనెప్పుడు బావా?" అని ఫోన్ చేసే మా బావకు కూడా.