కొలతలమ్మాయి కట్టిన మట్టిగుట్ట

మా మేడమీద వాటాలో అద్దెకుండే మనిషిని వీధంతా కొలతలమ్మాయి అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. దిగిన కొత్తలో ఓ పొద్దున మెట్ల దగ్గర గొంతుక్కూర్చుని టేపు పట్టుకుని కనిపించింది. "ఏం తల్లీ, మా ఇల్లు గానీ కొనేస్తావా?" అన్నాను.

"లేదు పిన్నిగారూ, మీ మనవరాలు అన్ని మెట్లూ దిగి ఈ ఒక్క మెట్టు మాత్రం గెంతుతోంది. ఎందుకా అని."

"దానికి పొగరు, అందుకని."

"కాదు, ఈ మెట్టు ఎత్తెక్కువ" అంది, పెద్ద దొంగని పట్టుకున్నట్టు.

అమ్మాయి అంటున్నాను గానీ తలలో తెల్లవెంట్రుకలు వచ్చేశాయి. పెళ్ళెందుకు చేసుకోలేదో అడిగాను, తీరిక లేకపోయిందంది. అంత తీరిక లేని పనేమిటో అడిగాను. ఓ పెద్ద ఆఫీసులో కార్లు నిలబెట్టే చోట్లకి బొమ్మలు గీసేదట. ఏ కారు ఎటు తిరగాలి, ఎక్కడ ఆగాలి, ఇంతే. ఏళ్ళ తరబడి అదే. మా వీధి చివరి బడివాళ్ళు పిల్లలకి ఆడుకునే జాగా కట్టిపెట్టమని అడిగితే, ఆ ఉద్యోగానికి ఓ దణ్ణం పెట్టి వచ్చేసింది.

"ఇది కుదిరితే ఇంకో బడి పిలుస్తుంది పిన్నిగారూ. కుదరకపోతే మళ్ళీ కార్ల దగ్గరికే. అక్కడికి మళ్ళీ వెళ్ళలేను."

మా మనవరాలు ఆ బళ్ళోనే మూడో తరగతి. మూడంతస్తుల బడి, చుట్టూ గోడ, లోపల సిమెంటు నేల. ఎండకి పెనంలా కాలేది. విరామం గంట కొడితే పిల్లలు గోడ నీడలో బల్లుల్లా అంటుకుని నిలబడేవాళ్ళు. ఓ మూల కుళాయి కారి కాస్త బురద ఉండేది, పిల్లలంతా అక్కడికే పోయి తిట్లు తినేవాళ్ళు. కొలతలమ్మాయి రోజూ వెళ్ళి ఆ నేలమీద మోకాళ్ళమీద పాకేది, పిల్లల ఎత్తు నుంచి చూస్తే ఏం కనిపిస్తుందో చూడాలని. ఎవరు ఎటు పరిగెత్తారో సుద్దముక్కతో గీతలు పెట్టేది. బడి పెద్దమేడం కిటికీలోంచి చూసి, "ఈవిడ పని చేస్తోందా, ఆడుకుంటోందా?" అని అందరి ముందూ నవ్వింది.

చివరికి కొలతలమ్మాయి సిమెంటు పగలగొట్టించింది. బురద మూలనే ఉంచి చేతిపంపు పెట్టించింది, నీళ్ళు వంకర్లు పోతూ పారే చిన్న కాలవ తీయించింది. నడుమ మట్టిగుట్ట, దాని పొట్టలోంచి దూరి పోవడానికి గొట్టం, దాక్కోవడానికి పొదలు, కూర్చుని లెక్కలు చెప్పుకోవడానికి చెట్టు మొద్దులు. మట్టి మోసిన రోజున నేనూ వెళ్ళి అందరికీ సలహాలిచ్చి వచ్చాను.

గుట్టమీదా చుట్టూరా గడ్డి నాటాక చిక్కొచ్చింది. వేళ్ళు పట్టేదాకా ఎవరూ తొక్కకూడదు. జాగా మొత్తం చుట్టూ వెదురు కంచె కట్టించి, తలుపుకి గొళ్ళెం పెట్టించింది. కంచె ఒక్కటే చాలదని, తనే తరగతి తరగతికీ వెళ్ళి పిల్లలకి చెప్పింది. మా మనవరాలు ఇంటికొచ్చి కళ్ళింత చేసుకుని నాకు అప్పజెప్పింది. గడ్డి పిల్లలు ఇప్పుడే పుట్టాయట, నేలలో నిద్రపోతున్నాయట. కాలు పెడితే అరవలేవట, నోరు లేదట, ఊరికే చచ్చిపోతాయట.

"భలే చెప్పావే, మా పిల్ల రాత్రి మంచం కింద కూడా చూసుకుంది" అన్నాను.

"పిల్లలతో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు పిన్నిగారూ" అంది, కాస్త గర్వంగానే.

గడ్డి పట్టింది. వాన వెళ్ళింది, చలి వెళ్ళింది. కంచె మాత్రం వెళ్ళలేదు. ఎవరెవరో వచ్చి చూసి ఫోటోలు తీసుకునేవాళ్ళు. పెద్దమేడం ఆ గుట్టని షోకేసులో బొమ్మలా చూసుకునేది. కొలతలమ్మాయి వెళ్ళి అడిగితే, "ఇంత అందంగా ఉంటే ఇప్పుడే తొక్కించేస్తారా? యూనిఫారాలు ఎవరు ఉతుకుతారు?" అనేది. ఈ పిల్ల తిరిగి తిరిగి చెప్పులరగ్గొట్టుకుంది. నేనూ ఊరుకోలేదు, వీధిలో తల్లులందరినీ పోగేసి తీసుకెళ్ళి పెద్దమేడం గుమ్మంలో కూర్చోబెట్టాను. మా నోళ్ళకి జడిసి చివరికి తలుపు తీయిస్తానంది.

తీసిన రోజున కొలతలమ్మాయి ఇస్త్రీ చీర కట్టుకుంది. గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ కంచె దాకా వచ్చి టక్కున ఆగిపోయారు.

"రండి రండి, మీదే ఇది!" అంది చేతులు చాపి.

ఒక్కరూ కదల్లేదు. వెనకనుంచి ఎవడో తోస్తే ముందున్న పిల్ల కెవ్వుమని వెనక్కి గెంతింది. టీచరు వరస కట్టించి లోపలికి నడిపిస్తే, దారికి పరిచిన రాతిపలకల మీద మునివేళ్ళతో, చేతులు వెనక్కి కట్టుకుని నడిచారు. మా మనవరాలి రెక్క పట్టుకున్నాను. "ఎక్కవే గుట్ట!"

"వద్దు అమ్మమ్మా, నా కాళ్ళకింద చచ్చిపోతాయి" అని నా చీరలో మొహం దాచుకుంది.

కొలతలమ్మాయి మొహం పాలిపోయింది. "లేచాయర్రా, పెద్దవైపోయాయి, తొక్కితే వాటికి హాయి" అని తనే చీర ఎగ్గట్టి గుట్టెక్కింది. గొట్టంలో దూరింది. కాలవలో చేతులు పెట్టి బురద తీసి పూసుకుంది. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు, ఒకడు నవ్వాడు. ఇంకొకడు, "టీచర్, ఆవిడ చంపేస్తోంది!" అని ఏడుపు లంకించుకున్నాడు. గంట కొట్టారు. అందరూ లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కొన్నాళ్ళు రోజూ వెళ్ళింది, కొత్త కథలు చెప్పింది, మొద్దుల మీద ఒంటరిగా కూర్చుంది. పిల్లలు మాత్రం గోడ నీడకే పోయేవాళ్ళు. పెద్దమేడం మర్యాదగానే అంది: "చూశారుగా, మా పిల్లలకి ఇవి అక్కర్లేదండీ. అంత జాగా ఊరికే ఎందుకు?"

ఎండలు ముదిరే ముందు గుట్టని చదును చేసే యంత్రం వచ్చింది. కొలతలమ్మాయి వెళ్ళలేదు. నేను వెళ్ళాను, వెళ్ళకుండా ఉండలేను కదా. తిరిగొచ్చేసరికి మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"పిల్లలు ఏడ్చారా పిన్నిగారూ?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. అంత ఆశగా చూస్తోంటే మింగేశాను.

"లేదమ్మా. కిటికీల్లోంచి యంత్రాన్ని చూసి చప్పట్లు కొట్టారు."

"యంత్రమంటే ఇష్టమే కదా పిల్లలకి" అంది. మిగిలిన కాయలు ఒలిచి, తొక్కలు ఎత్తి, పైకి వెళ్ళి తలుపేసుకుంది.

సోమవారం పొద్దున్నే మళ్ళీ ఆఫీసు బస్సెక్కింది.