అమ్ములంత కంచె

ఖిదిర్‌పూర్ రేవు వెనక సందులో ఉన్న పార్కుకి రెండేళ్ల తర్వాత తాళం తీశారు. నీళ్ల గొట్టాలు వేస్తామని మూసినవాళ్లు గొట్టాలైతే వేసి పోయారు గానీ, తోట సంగతి ఎవరికీ పట్టలేదు. తుంగ, వయ్యారిభామ, పేరు తెలియని పాకే తీగలు కలిసి లోపల రాజ్యం ఏలుతున్నాయి. కార్పొరేషన్‌లో బెంగాల్ వలస వచ్చిన నాటినుంచీ ముప్ఫై నాలుగేళ్లుగా మాలీగా తోటపని చేస్తున్న గురువులు గేటు దగ్గరే ఆగిపోయాడు. తోటి మాలీ సుందర్ ముక్కు మీద వేలేసుకున్నాడు.

"ఓలమ్మో! ఇది పార్కేటి మావా, అడివి!"

"నోరు కాదు, సెయ్యాడించు," అన్నాడు గురువులు.

గురువులుకి కోపం ముక్కు మీదే ఉంటుందని పేరు. ఆ పొద్దున మాత్రం అది కోపం కాదు, భయం. కలుపుకి భయపడే మనిషి కాదు. అతని దిగులంతా దారి పక్కనున్న గోరింట కంచె గురించి. అది తనకంటే ఎత్తు పెరిగి, తీగలు కప్పుకుని, ఆకారమే లేకుండా పోయింది. దాని పాత ఎత్తు అతనికి కావాలి. ఒక్క వేలు తేడా లేకుండా కావాలి.

ఎందుకో చెప్పాలంటే పంతొమ్మిదేళ్లు వెనక్కి వెళ్లాలి. గురువులుకీ అతని పెళ్లాం రాజకుమారికీ ఒక్కతే కూతురు, అమ్ములు. బడి వదలగానే సంచీ ఊపుకుంటూ పార్కుకే వచ్చేది. కంచె పక్కన నిటారుగా నిలబడి, "అయ్యా, నానెక్కువా, ఇదెక్కువా?" అని అడిగేది. తండ్రి కత్తెర తీసి కంచెని సరిగ్గా ఆమె నెత్తికి సమానంగా కత్తిరించేవాడు. పిల్ల ఎదిగినకొద్దీ కంచెనీ ఎదగనిచ్చాడు. పై అధికారులు సణిగేవాళ్లు. కూతురి ముందు అధికారులెంత?

తొమ్మిదో ఏట, వానాకాలంలో, అమ్ములుకి జ్వరం వచ్చింది. డెంగూ అన్నారు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఐదో రోజు లేదు.

ఆ తర్వాత కంచె ఎదగలేదు. పార్కు మూసేదాకా పదిహేడేళ్లు గురువులు దాన్ని ఆ ఎత్తు దాటనివ్వలేదు. ఇంట్లో అమ్ములు ఫోటో ఒకటుంది, బడి కార్డు మీదది. అందులో ఉన్నది మెడ వరకే. పిల్ల ఎంత ఉండేదో చెప్పే గుర్తు లోకం మొత్తానికి ఈ కంచె ఒక్కటే. ఆ సంగతి అతను ఎవరితోనూ అనలేదు, పెళ్లాంతో కూడా. ఆమెకి వేరే చెప్పాలా? వీధులు ఊడ్చే పని ముగించుకుని రోజూ అన్నం డబ్బా తెచ్చేటప్పుడు, గేటు నుంచి చివరిదాకా అరచెయ్యి ఆకుల మీద ఆనించుకునే నడిచేది. ఆ మాట ఎత్తితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎత్తలేదు.

మూడు రోజులు కలుపు పీకారు. పాములుంటాయని రాజకుమారిని లోపలికి రానివ్వలేదు. డబ్బా గేటు దగ్గరే ఇచ్చి, "కంచె ఎప్పుడు కోత్తావు?" అని అడిగేది. మూడో రోజు గురువులు, "రేపు. రేపు లోపలికి రా," అన్నాడు.

నాలుగో రోజు కంచె ముందు నిలబడి చొక్కా చూసుకున్నాడు. మూడో బొత్తాం దగ్గరికి వచ్చేది దాని నెత్తి. కానీ ఈ రెండేళ్లలో నడుం వంగిపోయింది. యాభై ఏడప్పటి బొత్తాం యాభై తొమ్మిదికి అక్కడే ఉంటుందా?

అప్పుడు మాలీ బుద్ధి పనిచేసింది. కొమ్మల్లోకి చేతులు దూర్చాడు. ఏళ్ల తరబడి ఒకేచోట కత్తెర పడితే కొమ్మ అక్కడ గట్టిగా ముడి కడుతుంది. వేళ్లకి ఒక ముడి తగిలింది. పక్కనే ఇంకొకటి. అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. బిడ్డ చేతికి దొరికినంత సంబరపడిపోయాడు. ఆ ముడుల మీదుగా ఈ చివర నుంచి ఆ చివరికి తాడు కట్టాడు.

పది గంటలకి సూపర్‌వైజర్ ఆశిష్‌బాబు వచ్చాడు. తాడు చూసి, "ఇంతెత్తెందుకు గురువులన్నా? మోకాలి దాకా దించెయ్," అన్నాడు బెంగాలీలో.

"ఎప్పుడూ ఇంతే ఉంచాను బాబూ," అన్నాడు గురువులు అదే భాషలో.

ఆశిష్‌బాబు చెడ్డవాడేం కాదు. కంచె వెనక్కి వెళ్లి, ఎవరో తాగి పారేసిన కొబ్బరిబోండాన్ని చెప్పుతో తిరగేశాడు. నల్లటి నీళ్లు ఒలికాయి. వాటిలో దోమ పురుగులు తుళ్లుతున్నాయి. "కంచె ఎత్తుగా ఉంటే వెనక ఏముందో కనబడదు. కిందటేడు ఈ సందులో ఇద్దరు పిల్లలకి డెంగూ వచ్చింది. ఒక పాప పోయింది."

ఇంకేం చెప్పినా గురువులు దెబ్బలాడేవాడే. కానీ ఇది డెంగూ మాట. అలాంటి నీళ్లే కదా అమ్ములుని మింగింది.

తాడు తనే విప్పి మోకాలి దగ్గర కట్టాడు. సుందర్ రంపం పట్టుకుని వస్తే, "నువ్వెల్లి ఆ పక్క సూడు," అని పంపేశాడు. ఒక్కడే కోశాడు. ముడి కట్టిన కొమ్మలు ఒక్కొక్కటే కాళ్ల దగ్గర పడుతుంటే ఏడ్చాడు. రాజకుమారిని రావద్దని కబురు పెడదామనుకున్నాడు గానీ, ఏమని పెడతాడు?

ఆమె రానే వచ్చింది. "ఈయేల సేపలు బాగా దొరికినాయి, పులుసెట్టినాను," అంటూ గేటు దాటింది. కుడిచెయ్యి అలవాటుగా పక్కకి చాచింది. ఏమీ తగల్లేదు.

"ఏటిది?"

"దోమలంట. యెనకాల నీల్లు నిలిచిపోతన్నాయి. మోకాలికి దింపీమన్నారు."

కోసిన కొమ్మల్ని ఆమె ఒక్కొక్కటే చూసింది. తిట్టలేదు. దోమల మాట వచ్చాక ఆమె మాత్రం ఎవరిని తిడుతుంది?

"పోన్లే," అంది చివరికి. "మరి ఎంతుండీదో ఓపాలి సూపించు."

గురువులు చెయ్యి గాలిలో పెట్టాడు. కొంచెం ఎత్తాడు. కాదనిపించి దించాడు. మళ్లీ ఎత్తాడు. పొద్దున తాడు కట్టిన ఎత్తు మధ్యాహ్నానికే చేతికి అందడం లేదు.

రాజకుమారి డబ్బా కింద పెట్టి, అతని మణికట్టు పట్టుకుని రెండు వేళ్లు కిందికి దించింది. "ఇక్కడ," అంది. అతని చెయ్యి పక్కనే తన అరచెయ్యీ పరిచింది.

ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ముసలి చేతులు, ఎంతసేపని ఉంటాయి? భుజాలు లాగాయి, దించక తప్పలేదు.