మగ్గం గుంతలో నూరుకాళ్ల జంతువు

హిందూపురంలో మా మనవరాలు స్నేహితులతో కూర్చుని కథ అల్లుకుంటూ ఆడే ఆటకు పుకార్లు రాసుకుంటోంది. కూలిన రాకెట్‌లో ఇనుప రెక్కల మృగం ఉందట. అది వినగానే ఆటగాళ్లు అక్కడికే పోవాలట.

"మాకైతే ఇట్లాంటివి పోకుండా ఉండేదానికే చెప్పేవాళ్లు" అన్నాను.

"నువ్వు పోలేదా తాతా?"

పోయినాను. ధర్మవరంలో పెరిగిన నా ఈడువాళ్లారా, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలోని చల్లదనం, పట్టు వాసన గుర్తున్నాయా? మా చిన్నాయన తన గుంతలో నూరుకాళ్ల జంతువు ఉందని పిల్లలందరికీ చెప్పాడు. "దిగితే పాదాలు కొరుకుతాది రా అబ్బీ!"

ఆ కాళ్లు లెక్కపెట్టాలని, ఆయన అన్నానికి పోయినప్పుడు దిగాను. జంతువు లేదు. గోనెసంచి కింద, మా నాయన గీసి, పోయిందని వారంగా వెతుకుతున్న హంసల అంచు డిజైను కాగితం ఉంది. మగ్గం మీద కప్పిన గుడ్డ ఎత్తితే అవే హంసలు, సగం చీర దాకా.

పరుగెత్తి నాయనకు చెప్పాను.

"బాగా నేస్తాండాడా?" అని మాత్రం అడిగాడు.

ఆ అంచును ఊరంతా చిన్నాయన పేరుతోనే పిలిచింది. నాయన చనిపోయేదాకా నోరు మెదపలేదు. నాకు అంత పెద్ద మనసు లేదు. చిన్నాయన కొడుకులు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను. ఆ హంసలు మా నాయనవి.